తారీఖు లేని వాగ్దానం

మన తెలుగు క్రైస్తవ సంఘాలలో డిసెంబరు 31 రాత్రి జరిగే ఒక ఆచారం గూర్చి ఈ నాలుగు మాటలు వ్రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. ఎవరినీ నొప్పించాలని కాదు. అయినా ఎవరికైనా నొప్పి కలిగితే, దానికి క్షమాపణ చెప్పుకునే ఉద్దేశ్యమూ నాకు లేదు.

ఆ ఆచారం తెలియని పాఠకుల కోసం ముందుగా కొంత వివరణ. పాత సంవత్సరపు చివరి రాత్రి గుడిలో ఆరాధన నడుస్తుంది. పన్నెండు దాటాక విశ్వాసులు వరుసగా ముందుకు వచ్చి, పళ్ళెంలో బోర్లించి పెట్టిన కార్డులలో ఒకటి తీసుకుంటారు. కార్డు మీద ఒక పూలగుత్తి బొమ్మ, దాని కింద బైబిలు నుండి ఒక వచనం ఉంటాయి. ఆ యేడాదికి దేవుడు ఆ మనిషికి ఇచ్చిన వాగ్దానం అదేనని నమ్మకం. కొన్ని సంఘాలలో అందరికీ కలిపి ఒకే వచనం ఇస్తారు. దానిని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకునే ఇళ్ళు నాకు చాలా తెలుసు. మా ఇల్లూ ఒకప్పుడు అందులో ఒకటి.

2015 డిసెంబరు 31 రాత్రి నేను బోధన్‌లో ఉన్నాను. అంతకు సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, డిసెంబరు 23న, నిజాం షుగర్స్‌కు చెందిన బోధన్, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు మూడింటికీ లేఆఫ్ ప్రకటించారు. ఈ వార్త ఆ ఊరికి ఏమిటో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట మంజీర నీళ్ళను ఈ నేలకు మళ్ళించింది. నీళ్ళ వెనుక చెరకు వచ్చింది, చెరకు వెనుక 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. శక్కర్‌నగర్ అన్న పేరులోనే చక్కెర ఉన్నది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పడిన కర్మాగారం అది. 2002లో దాని మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 చివరకు గేటు మూతపడింది. గానుగ ఆడే కాలంలో ఆ రోడ్డు పొడవునా నిలిచే చెరకు బండ్లనూ, గాలిలో నిండిన మడ్డి వాసననూ ఎరిగిన వారికి ఆ డిసెంబరు నెల ఎంత నిశ్శబ్దంగా ఉండి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి గుడిలో కార్మిక కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ప్రసంగీకుడు బయటి ఊరి నుండి వచ్చినవాడు, మంచి వక్త. సంఘమంతటికీ ఆయన ఇచ్చిన వచనం యిర్మియా గ్రంథం 29వ అధ్యాయం, 11వది. దేవుడు తన ప్రజల విషయమై తలపెట్టినది కీడు కాదు, మేలే. రాబోయే కాలమందు వారికి ఆశ కలదు: ఇదీ దాని సారం. దేవుడు నమ్మదగినవాడు గనుక ఈ యేడే ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంటుందని, నమ్మినవారు ఆమెన్ అనాలని ఆయన అన్నాడు. అందరూ అన్నారు. నేనూ అన్నాను.

నా పక్కన మాకు చిన్నబాపు వరుసయ్యే పెద్దాయన కూర్చున్నాడు. ఫ్యాక్టరీ పనిలోనే తల నెరిసిన మనిషి. కార్డును అటూ ఇటూ తిప్పి నా చేతికిచ్చాడు.

"నాకు కండ్లు ఆనుతలేవు, జర సూసి చెప్పు బిడ్డా. గీ కారటు మీద తారీకు ఏమన్న ఏసిండ్రా?"

"లేదు చిన్నబాపూ."

"మరి ఈ యేడే తెరుస్తరని గాయన ఎట్ల చెప్పవట్టె?"

ఆయన వేళాకోళం చేయలేదు. జీవితమంతా గేటు పాసులు, చెరకు పర్మిట్లు, జీతం చిట్టీలు చూసినవాడు. తారీఖు లేని కాగితం చెల్లదని ఆయనకు తెలుసు. ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్ళి బైబిలు తెరిస్తే జవాబు ఒక్క వచనం పైనే దొరికింది.

తారీఖు ఉన్నది. పదవ వచనంలో ఉన్నది. డెబ్బది సంవత్సరాలు.

క్రీస్తు పూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుండి రాజునూ పెద్దలనూ, వారితో పాటు చేతిపనివారినీ కమ్మరులనూ చెరపట్టుకొని పోయాడు. ఆ చెరలోని వారికి యిర్మియా ప్రవక్త యెరూషలేము నుండి వ్రాసి పంపిన ఉత్తరమే 29వ అధ్యాయం. డెబ్బది ఏండ్లు నిండిన తరువాతనే మిమ్మును తిరిగి రప్పిస్తానని దేవుడు చెప్పినట్లు అందులో ఉన్నది. ఆ లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న దానిపై పండితులలో భేదాభిప్రాయాలున్నాయి, ఉండనీయండి. ఎట్లా లెక్కించినా, ఆ ఉత్తరం విన్న నడివయస్సు మనిషి ఆ దినాన్ని చూడడు. అతని మనుమడు చూస్తాడు. అందుకే ఆ ఉత్తరం ఆరంభంలో, ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెండ్లిళ్ళు చేయండి, మిమ్మును చెరపట్టిన ఆ పట్టణపు క్షేమాన్నే కోరండి అన్న హితవు ఉన్నది. ఇంత నిష్ఠురమైన ఉత్తరం నుండి పదకొండవ వచనం ఒక్కటే కత్తిరించి, పూలగుత్తి కింద అచ్చు వేసి పంచుతున్నాము. పదవ వచనం ప్రెస్సు దాకా కూడా పోవడం లేదు.

ఇంకొక మాట. దానికి ముందున్న 28వ అధ్యాయాన్ని ఈ ప్రసంగీకులు చదివారో లేదో నాకు సందేహం. అందులో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. రెండే రెండు సంవత్సరాలలో బబులోను కాడి విరిగిపోతుందని, చెరపట్టబడిన వారంతా తిరిగి వస్తారని అతడు దేవుని పేరు మీద గుడిలో నిలబడి ప్రకటించాడు. యిర్మియా మెడ మీది కొయ్య కాడిని తీసి అందరి ఎదుటా విరిచాడు. యిర్మియా మొదట ఏమన్నాడో గమనించారా? ఆమెన్ అన్నాడు. అట్లే జరుగును గాక అన్నాడు. ఆ వాగ్దానం నిజం కావాలని అతనికీ ఉన్నది. కాని అది నిజం కాదని అతనికి తెలుసు. కొయ్య కాడి పోయి ఇనుప కాడి వచ్చిందని తరువాత చెప్పవలసి వచ్చింది. హనన్యా ఆ యేడే చనిపోయాడు. చెర మాత్రం తొలగలేదు.

కాబట్టి యిర్మియా గ్రంథంలో త్వరపడి తారీఖు చెప్పినవాడు అబద్ధ ప్రవక్త. మనవారు యిర్మియా మాట తీసుకొని హనన్యా ప్రసంగం చేస్తున్నారు. నా ఆరోపణ ఇదే.

"పోనీయండి, కష్టంలో ఉన్నవారికి ఒక ఓదార్పు. దానినీ లాగేసుకుంటారా?" అని మా సంఘ పెద్ద ఒకరు నన్ను మందలించారు. ఆయన పెద్దరికం మీద నాకు గౌరవమున్నది. కాని ఆ ఓదార్పు ఖరీదు ఎవరు కడుతున్నారో చూడాలి. యేడాది గడిచి గేటు తెరుచుకోకపోతే తప్పు ప్రసంగీకుని మీద పడదు, దేవుని మీద అసలే పడదు. నీ విశ్వాసం చాలలేదన్న మాటతో అది ఆ కార్మికుని నెత్తిమీదనే పడుతుంది. పని పోయిన మనిషికి పాపం కూడా అంటగడుతున్నాము. మనుష్యుల అవిశ్వాసం దేవుని నమ్మకత్వాన్ని వ్యర్థం చేయలేదని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయంలో వాదించాడు. మనము దానిని తలక్రిందులు చేసి, మనుష్యుని విశ్వాసం కొలతను బట్టి దేవుడు మాట నిలుపుకుంటాడని చెబుతున్నాము. ఇది మామిడి కాపు చూసి తోట కౌలుకు పట్టే బేరం, నిబంధన కాదు.

మరి బైబిలులో దేవుని నమ్మకత్వమంటే ఏమిటి? హీబ్రూలో దానికి వాడే ముఖ్యమైన మాట 'ఎమూనా'. మన తెలుగు బైబిలులో అనేక చోట్ల అది 'విశ్వాస్యత' అయింది. ఈ మాట నిర్గమకాండము 17వ అధ్యాయంలో ఒక విచిత్రమైన చోట వస్తుంది. అమాలేకీయులతో యుద్ధం జరుగుతున్నది. మోషే కొండ మీద చేతులెత్తి నిలబడ్డాడు. చేతులు ఎత్తినంతసేపు ఇశ్రాయేలుది పైచేయి, దించితే శత్రువుది. ముసలివాని చేతులు బరువెక్కాయి. అహరోను, హూరు ఒక రాయి తెచ్చి అతనిని కూర్చుండబెట్టి, చెరొక పక్కన చేరి ఆ చేతులను పట్టి ఉంచారు. పొద్దు గుంకే వరకు ఆ చేతులు స్థిరంగా నిలిచాయని చెప్పేచోట వాడిన హీబ్రూ మాట ఎమూనాయే. ఆ మాటలో ఉన్న అర్థం ఇదీ: దినం పూర్తయ్యేదాకా జారిపోకుండా నిలిచిన చేతులు. అందులో గడువు ముందుకు జరపడం లేదు, మెరుపు లేదు. అలసట ఉన్నది, ఆ అలసటకు తోడు నిలిచినవారు ఉన్నారు.

దేవుని విశ్వాస్యతను పదే పదే తలచే కీర్తన 89వది. దాని మొదటి భాగం కార్డుల మీద చాలాసార్లు చూశాను. 38వ వచనం దాటిన తరువాతి భాగాన్ని ఏ కార్డు మీదా చూడలేదు. అక్కడ కీర్తనకారుడు దేవుణ్ణి నిలదీస్తాడు. నిబంధనను నీవే త్రోసివేశావు, దావీదుకు చేసిన ప్రమాణం ఏమైంది అని అడుగుతాడు. విలాపవాక్యములు 3వ అధ్యాయంలో, ప్రతి ఉదయం కొత్తగా పుట్టే దేవుని వాత్సల్యాన్ని తలచే మాట కార్డులకు మహా ఇష్టం. దానికి ముందు అధ్యాయంలో వీధుల్లో సొమ్మసిల్లుతున్న పసిపిల్లలున్నారు. ఆ గ్రంథం ముగిసేది కూడా, మమ్ములను బొత్తిగా విసర్జించావా అన్న గుండెకోతతోనే. అంటే బైబిలు దేవుని నమ్మకత్వాన్ని చెప్పిన చోటనే, దాని మీద ఫిర్యాదునూ దాఖలు చేసుకున్నది. ఫిర్యాదును చెరిపివేయలేదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయం విశ్వాసవీరుల జాబితా ఇచ్చి, వీరంతా వాగ్దాన ఫలమును అందుకోకుండానే చనిపోయారని నిర్మొహమాటంగా చెబుతుంది. వీరి విశ్వాసం చాలలేదని మన ప్రసంగీకులు అనగలరా?

నాకొక హేతువాది మిత్రుడున్నాడు. ఈ కార్డు కథ విని ఆయన అన్నాడు: "యజమానికి ఇంతకంటే మంచి కాపలాదారు దొరకడు. కార్మికుడు గేటు వైపు చూడకుండా ఆకాశం వైపు చూసేలా చేస్తాడు మీ దేవుడు." కార్డు విషయంలో ఆయన వాదన నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. బైబిలు విషయంలో మాత్రం ఒప్పుకోను. పదకొండవ వచనం వ్రాసిన ఆ యిర్మియాయే 22వ అధ్యాయంలో, పొరుగువానిచేత పని చేయించుకొని జీతం ఇవ్వకుండా మేడలు కట్టుకునే రాజుకు శ్రమ అని గర్జించాడు. దీనుని వ్యాజ్యెం తీర్చడమే దేవుని ఎరగడమని అక్కడే నిర్వచించాడు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ప్రకారం బీద కూలివాని కూలి పొద్దు గుంకక ముందే ఇవ్వాలి; అతడు దాని మీదనే ప్రాణం పెట్టుకొని ఉంటాడు గనుక. అతడు స్వదేశీయుడా పరదేశీయా అన్న తేడా కూడా అక్కడ లేదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో బిగబట్టిన కూలి తానే మొరపెడుతుంది, ఆ మొర దేవుని చెవిలో పడుతుంది.

మోషే చేతులు నిలిచినది పొద్దు గుంకే వరకు. కూలి చేరవలసినది పొద్దు గుంకక ముందు. దేవుని నమ్మకత్వమూ మనుష్యుని బాధ్యతా ఒకే దినంలో ఇమిడి ఉన్నాయి, ఒకే నిబంధనలో రెండు వైపులు. ఒక వైపు అచ్చు వేసి రెండో వైపు ఖాళీగా వదిలిన కార్డు సగం కాగితం మాత్రమే. తమ ఫ్యాక్టరీ కోసం కార్మికులూ చెరకు రైతులూ ఏండ్ల తరబడి ఆందోళనలు చేశారు. ఆ శిబిరాలకు పోయి కూర్చోవడం రాజకీయమని, కార్డు పంచడం ఆత్మీయమని మనవారు ఏ బైబిలులో చదివారో నాకు అర్థం కాదు.

ఇక "తన ప్రజలు" అన్న మాట. అది కంచె కట్టుకోవడానికి ఇచ్చిన మాట కాదు. ఐగుప్తు నుండి ఇశ్రాయేలును తెచ్చిన దేవుడే ఫిలిష్తీయులనూ సిరియనులనూ వారి వారి దేశాల నుండి తెచ్చానని ఆమోసు 9వ అధ్యాయంలో అంటాడు. విడువని కృపకు నిలువెత్తు సాక్ష్యంగా బైబిలు చూపించిన రూతు మోయాబు స్త్రీ, పరజాతి విధవ. ఈ ప్రాంతపు పాత సంఘాలలో అధికులు మాల మాదిగ కుటుంబాల వారు. ఊరికి బయట ఉంచబడినవారికి "నా ప్రజలు" అన్న పిలుపు ఎంత పెద్దదో నేను వేరే చెప్పనక్కరలేదు. అటువంటి పిలుపు అందుకున్న మనమే దానికి మళ్ళీ ప్రహరీ కట్టడం ఏమిటన్నదే నా ప్రశ్న.

దీనికి దూరదేశపు ఉదాహరణ అక్కరలేదు. నిజామాబాదు నుండి హైదరాబాదు పోయే దారిలో డిచ్‌పల్లి ఉన్నది. స్కాట్లండుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ తన భర్త జార్జి కెర్‌తో కలిసి 1907లో వెస్లియన్ మిషన్ తరఫున ఈ దేశానికి వచ్చారు. నిజామాబాదులో వైద్యం చేస్తుండగా కుష్ఠురోగులకు తలదాచుకునే చోటు కూడా లేదని చూశారు. 1915లో డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి మొదలైంది. దానికి పెద్ద విరాళం ఇచ్చినవారు రాజా నర్సాగౌడ్, హిందువు. లేవీయకాండము 13వ అధ్యాయాన్ని పట్టుకొని రోగిని పాళెం వెలుపల ఉంచడం క్రైస్తవ లోకానికి శతాబ్దాల అలవాటు. అటువంటి చోట ఒక క్రైస్తవ వైద్యురాలి చేతులను ఒక హిందూ దాత పట్టి నిలిపాడు. అహరోను, హూరు అనే పేర్లు లేకపోతేనేమి?

గమనించవలసినది ఇంకొకటి. ఆమె కాలంలో ఆ రోగానికి రూఢియైన మందు లేదు. ఆమె వాడినది హిడ్నోకార్పస్ నూనె సూదిమందు. అది బాధ పెట్టేది, కొందరికి గుణమిచ్చేది, అందరికీ కాదు. ఇసబెల్ కెర్ 1932లో చనిపోయారు. రోగాన్ని నమ్మకంగా నయం చేసే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది 1981లో. ఆసుపత్రి మొదలైనప్పటి నుండి లెక్కిస్తే 66 ఏండ్లు. యిర్మియా చెప్పిన లెక్కకు ఎంత దగ్గరో చూడండి. ఆ మధ్యకాలమంతా పుండ్లు కడిగిన చేతులు, కట్లు కట్టిన చేతులు, అన్నం వడ్డించిన చేతులు ఎన్నో. ఫలానా యేట మీ రోగం పోతుందని కార్డు పంచి ఊరుకుని ఉంటే అక్కడ మిగిలేది ఏమీ లేదు. దేవుడు నమ్మదగినవాడని నేను నేటికీ నమ్ముతున్నానంటే, ఆ నమ్మకం నాకు వాగ్దాన కార్డుల వల్ల రాలేదు. డిచ్‌పల్లి వంటి చోట్ల వల్ల వచ్చింది.

2016 గడిచింది, గేటు తెరుచుకోలేదు. 2019లో కంపెనీ లిక్విడేషన్‌కు ఆదేశాలు వచ్చాయి. ఎన్నికల వేదికల మీద హామీలు వచ్చాయి, పోయాయి. 2024 జనవరిలో ప్రభుత్వం పునరుద్ధరణ కోసం ఒక కమిటీని వేసింది. ఇవేవీ చూడకుండానే చిన్నబాపు వెళ్ళిపోయాడు. ఆయన బైబిలు నా దగ్గరకు వచ్చింది. ఆ కార్డు యిర్మియా గ్రంథంలో, 29వ అధ్యాయం దగ్గరనే ఉన్నది. పూలగుత్తి రంగు వెలిసింది. ఎవరిచేత వ్రాయించుకున్నాడో గాని, వెనుక పెన్సిలుతో "70" అని వేసి ఉన్నది. ఆయన దేవుణ్ణి వదిలిపెట్టలేదు. ప్రసంగీకుని లెక్కనే సరిచేసుకున్నాడు.

కార్డులు మానెయ్యమని నేను అనను. ఈసారి డిసెంబరులో అచ్చు వేయించే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. పదకొండవ వచనంతో పాటు పదవ వచనమూ వేయించండి. కార్డు వెనుక వైపు 22వ అధ్యాయం 13వ వచనం వేయించండి. దానిని చదివిన మరునాడు సంఘమంతా ఎక్కడికి నడవాలో కూడా చెప్పండి. ఆ ధైర్యం లేకపోతే పూలగుత్తి ఒక్కటే అచ్చు వేసి ఇవ్వండి. అందులో కనీసం అబద్ధం ఉండదు.